ఉడుత ఆఖరి పెట్టె

పెద్దకర్మ నాడు మా నాన్న కోటేశ్వరరావు గారి పిండాన్ని కాకి ముట్టలేదు. గోడ మీద కూర్చుని మమ్మల్ని తనిఖీ చేస్తోంది.

"ఏందో కోరిక మిగిలిందిరా ఆయనకి" అంది అమ్మ.

అదేదో నాకు తెలుసు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కూలీలను గడగడలాడించిన ఆ మహానుభావుడు, ఇంటర్‌లో నా దగ్గర లాక్కున్న చేతి వీడియో గేమ్‌ను నాలుగేళ్లుగా దొంగచాటుగా ఆడేవారు. అందులో కార్టూన్ ఉడుత గెంతుతూ నిధులు వెతకాలి. ఆఖరి పెట్టె మాత్రం ఆయనకు దక్కలేదు. ఆ సంగతి అమ్మకు చెప్పాను.

"అయితే నువ్వు తెరువు. కాకి చూసిద్ది."

పదకొండు రోజులుగా ఒక్క చుక్క కన్నీరు రాని నేను, ఆ గేమ్ తెచ్చి కాకికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని ఉడుతను గెంతించాను. ముళ్లు దాటింది, నిప్పులు దాటింది, పెట్టె ముందు నిలబడింది. ఒక్క బటన్ నొక్కాలి. కాకి దిగి విస్తరి పక్కన ఆగింది.

పెట్టె తెరుచుకుంటే కాకి తింటుంది. కాకి తింటే నాన్న వెళ్లిపోతారు.

ఉడుతను వెనక్కి నడిపించి గోతిలో దూకించాను.

"ఏమైందిరా?"

"ఓడిపోయానమ్మా. చానా కష్టం. మళ్లీ మొదట్నుంచి ఆడాలి."