వాసమెక్కని బాతు

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. అయిదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే ఏమనుకోకండి.

ఒక దొడ్లో ఎర్రజుట్టు పుంజు ఉండేది. దాని మాట విని కోళ్లన్నీ సాయంత్రానికి పాక వాసమెక్కి పడుకునేవి. నక్కకి అందేవి కావు. పక్కనే కుంటలో బాతులు నీళ్లమీదే నిద్రపోయేవి. అది చూసి పుంజుకి మనసాగలేదు.

"నక్క తిరిగే చోట అదేం బతుకు? మన పద్ధతి వాటికీ నేర్పాలి. వినకపోతే తోలుకొద్దాం," అంది.

"వాటిని అడిగావా మావా?" అంది ఓ పెట్ట.

"మంచి చెయ్యడానికి అడిగేదేంటే? రేపు అవే మనకి దణ్ణం పెడతాయి."

కోళ్లు పొడిచి పొడిచి తల్లిబాతునీ పిల్లల్నీ తోలుకొచ్చి వాసం మీదకి ఎగదోశాయి. తోలుతో అతుక్కున్న ఆ కాలివేళ్లకి వాసం పట్టు దొరకలేదు. అన్నీ దబదబా కిందపడ్డాయి. సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది.

తల్లిబాతు పిల్లల్ని వెంటేసుకుని పరుగున పోయి కుంటలో దూకింది. నక్క ఒడ్డునే ఆగిపోయింది.

"మళ్లీ పైకి రావే, అక్కడుంటే చస్తావు!" అని వాసం మీంచి అరిచింది పుంజు.

"నక్క చెడ్డదే బావా, నేను కాదన్లేదు. కానీ నా పిల్లల్ని దాని నోటి ముందు పడేసింది నువ్వు. మళ్లీ తోలాలనుంటే ఈ నీళ్లలోకి రా, చూసుకుందాం!" అంది బాతు.

ఈ కథ రాసిన మర్నాడు పొద్దున, ఇకనుంచి మా ఇంటి బాతుల్నీ కోళ్లగూట్లోనే ఉంచుదామని మా మరిది వాటిని తోలుకొచ్చాడు. నేను గూటి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. పక్కకి జరగలేదు.