వగఫ్

సుత్తి దెబ్బకు గేటు మీది చలువరాయి పగిలి, ఇంటి యజమాని బాబా పేరు రెండు ముక్కలైంది.

"ఓరి పాపిష్టోడా! అయ్య పోయి నెల గాలే, పేరు గూడ ఉంచవా?" ఇనుప రాడ్డు అందుకుని భోజన్న ఉరికాడు. వెనకే చెంచయ్య, కుమార్.

నిచ్చెన మీదున్నవాడు బాబా కొడుకు జాసిమ్. సౌదీలో, ఖతీఫ్‌లోని ఈ పాత ఇంటిని బాబా తమలాంటి పనిపోయిన కూలీలకు వదిలేశాడు. అద్దె మాటే ఎత్తలేదు. "దీన్ని దేవుడి పేరున రాసేస్తా, ఇక ఎవడూ అమ్మలేడు" అనేవాడు. రాయకుండానే గుండె ఆగి పోయాడు. చచ్చినవాడి మాట బతికున్నవాడికి చేదు కదా! పక్క ఇళ్లన్నీ వారసులు అమ్మేసి కూలగొట్టించారు. ఇదీ పోతే ముగ్గురికీ రోడ్డే గతి.

జాసిమ్ వాళ్లను చూసి నవ్వాడు. ఆ నవ్వుకు భోజన్న ఒళ్లు మండింది. నిచ్చెనను ఒక్క తన్ను తన్నాడు. జాసిమ్ వెల్లకిలా పడ్డాడు. లేవబోతుంటే రాడ్డు మణికట్టు మీద దిగింది, ఎముక విరిగింది.

"వగఫ్! వగఫ్!"

పనిచేసినన్నాళ్లూ సైటులో ఫోర్మన్ రోజూ అరిచిన మాటే. ఆపు అని.

"ఆపాల్నా? నువ్వు ఆపినవారా?" మరో దెబ్బ మోకాలి మీద పడింది.

"సస్తడే, ఇడువు!" చెంచయ్య నడుం పట్టుకుని లాగాడు. భోజన్న విదిలించుకున్నాడు.

జాసిమ్ నెత్తురు ఉమ్ముతూ ఇంటివైపు వేలు చూపాడు, తర్వాత వాళ్లవైపు. "వగఫ్..."

ఈసారి దెబ్బ తల మీద పడింది. వేలు వాలిపోయింది.

ఎదురు కొట్లో పనిచేసే కడప అబ్దుల్ ఘనీ పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురి అరబ్బీ గొడవలన్నీ తీర్చేది అతనే. జాసిమ్ ముక్కు దగ్గర వేలుపెట్టి చూసి, కూలబడ్డాడు.

"ఊపిరి లేదప్పా! ఏం చేసినాడని చంపితిరి?"

"అయ్య పేరు పలగ్గొట్టిండు. ఇల్లు అమ్మెటోడు గాకుంటే పేరెందుకు తీస్తడు?"

"నోరు తెరిచి ఏమన్నా చెప్పినాడా?"

"ఏం జెప్తడు? ఇల్లు దిక్కు, మా దిక్కు చెయ్యి సూపుకుంట వగఫ్, వగఫ్ అన్నడు. ఆపుమని."

ఘనీ పగిలిన రాయివైపు చూశాడు.

"వీళ్ల నోట వగఫ్ అంటే మన వక్ఫ్, భోజన్నా! ఇల్లు దేవుడి పేరున మీకే రాసినా అని చెప్పినాడు, అందుకే అయ్య పేరు తీసినాడు!"