తుప్పు పట్టొద్దని

“వాడు జోరుగ పోయిండా, బ్రేకే పడలేదా? ఒక్క మాట చెప్పన్నా. ఇంట్ల అందరు వాన్నే తిడుతుండ్రు.”

అశోక్‌నగర్ మలుపులో బస్సు కింద పడి చనిపోయిన కొడుకు హర్ష సైకిలును ప్రభావతి చిక్కడపల్లిలోని నా దుకాణానికి నడిపించుకుంటూ తెచ్చింది. దానికి డిస్కు బ్రేకులు బిగించింది నేనే.

“నా చేతి పని తప్పదమ్మా. ఈ పోరగాండ్లకు దైవభయం లేదు. స్పీడే వాళ్ల దేవుడు. ఆ దేవుడే మింగిండు,” అన్నాను. స్టూలు మీద బైబిలు తెరిచే ఉంది. తీర్పు చెప్పడం నాకెన్నడూ కష్టం కాలేదు.

ఆమె తల వంచుకుంది. “అయినా జర చూడన్నా.”

చూశాను. కేబులు బిగువుగానే ఉంది. డిస్కు వంగలేదు. బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకు నెట్టాను. ఆగకుండా కదిలింది. డిస్కును రెండు వైపులా నొక్కి చక్రాన్ని ఆపే ప్యాడ్లను ఇంకా దగ్గరగా జరిపి బిగించాను. బలమంతా పెట్టి పట్టినా చక్రం జారుతూ తిరుగుతూనే ఉంది.

ప్రభావతి డిస్కును వేలితో తాకింది. వేలు నల్లగా మెరిసింది. “ఇదేంది?”

“నూనె. తుప్పు పట్టొద్దని ఆఖరుకు నేనే...”

ముప్పై ఏళ్లుగా ప్రతి సైకిలుకూ పని ముగించేది ఇనుమంతా నూనె గుడ్డతో తుడిచే. డిస్కు బ్రేకులు బిగించడం మాత్రం అదే మొదటిసారి. నూనె తాగిన ప్యాడ్లు ఏ చక్రాన్నీ ఆపలేవు.

నేను మోకాళ్ల మీద పడ్డాను. ఆమె నావైపు చూడలేదు. సీటును మెల్లగా నిమిరింది.

“అయితే మావోడు బ్రేకు కొట్టిండు.”