ఉప్పులో క్లోరిన్

బాత్‌రూమ్‌లో బ్లీచింగ్ పౌడరు చల్లానో లేదో, ఘాటైన పొగ లేచి గొంతు పట్టేసింది. దగ్గుతూ తూలిపోతుంటే అత్తగారు పరుగున వచ్చి, జబ్బ పట్టుకుని బయటికి లాగింది.

ఊపిరాడగానే విరుచుకుపడ్డాను. "యాసిడ్ పోశానని ఒక్క ముక్క చెప్పలేరా? ఆ రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. నా ప్రాణం పోయేది!"

"ఎవరికి చెప్పను? గోడకా?" ఆవిడా అంతే గట్టిగా అరిచింది.

నిజమే, మా మధ్య మాటల్లేవు. కూరలో ఉప్పెక్కువైందని ఆవిడ అన్న పూటే ఆగిపోయాయి. అప్పట్నుంచి పంతానికి ఇంకో చిటికెడు ఎక్కువే వేస్తున్నాను. ఆవిడా కిక్కురుమనకుండా తింటోంది.

"బళ్లో కెమిస్ట్రీ చెప్పేదానివి, వాసన చూసి చల్లక్కర్లేదూ?"

"నాకు చెప్పకండి! మీరు వంకపెట్టిన ఉప్పులో ఉన్నదీ ఆ క్లోరినే. విడిగా ఉంటే విషం. సోడియంతో కలిసి ఉప్పయ్యాక ఎవరికీ ఏ హానీ చెయ్యదు. మీ ఒక్కరికే గిట్టలేదు!"

"హాని చెయ్యదా? మరి బీపీ బాగా పెరిగింది, ఉప్పు తగ్గించి తినమని డాక్టరెందుకన్నాడే?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదైనా నాకు చెప్పాలా, వద్దా?"

"ఆ పూట ఆసుపత్రి నుంచి వచ్చి, చెబుదామనే నీ పక్కన భోజనానికి కూర్చున్నాను. ఉప్పెక్కువైందమ్మా అని మొదలుపెట్టానో లేదో, నువ్వు కంచం విసిరికొట్టావు."