ఒక గౌను కుట్టేంత దూరం

“దారిలో విమానం ఆగిపోతేనో?” అంది ఆమె.

“విమానం ఎందుకాగుతుందక్కా, ఆటో అనుకున్నావా?” అన్నాడు తమ్ముడు. నవ్వించాలని కాదు. నోటికి అదే వచ్చింది.

ఆసుపత్రి వరండాలో ఇనప కుర్చీలు. ఆమె చేతిలోని టీ ఎప్పుడో చల్లారి పొర కట్టింది.

మూడు రోజుల కిందట కాలేజీ నుంచి వస్తూ స్కూటీ మీంచి పడింది కూతురు. మళ్లీ కళ్లు తెరవలేదు. పొద్దున డాక్టర్లు కూర్చోబెట్టి మాట్లాడారు. తమ్ముడు వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆమె సంతకం చేసింది. వెంట నేనూ వెళ్తానంది. కుదరదన్నారు.

పన్నెండు వందల నలభై కిలోమీటర్లట. విమానంలో రెండు గంటల పది నిమిషాలట. నర్సు రెండుసార్లు చెప్పినా అంకెలు చెవి దగ్గరే ఆగిపోయాయి. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతున్న మనిషి. లైనింగు గౌను ఒకటి, కాజాలతో సహా, కుట్టేంత సేపు అని లెక్కేసుకున్నాక గానీ తలకెక్కలేదు. ఇటు అంబులెన్సు, అటు అంబులెన్సు, అన్నీ కలిపి నాలుగు గంటలే గడువు. దాటితే ఇంక లాభం లేదన్నారు.

“బెల్టు కట్టారా?”

“కట్టారమ్మా. సీటుకి గట్టిగా,” అంది నర్సు.

“లోపల చలిగా ఉంటుందేమో. దానికి ఇట్టే జలుబు చేస్తుంది.”

నర్సు తల దించుకుంది. “చల్లగానే ఉండాలమ్మా.”

“పక్కన మనిషెవరైనా?”

“డాక్టరుగారున్నారు. చూపు తిప్పరు.”

“బస్సెక్కించినా ఇంతే,” అన్నాడు తమ్ముడు. “డ్రైవరు కళ్లు ఎర్రగా ఉన్నాయేమో చూసొచ్చేదానివి.”

“చూడొద్దూ మరి?”

నర్సు ఫోను మోగింది. “దిగిందమ్మా.” ఇంకాసేపటికి, “చేరింది. లోపలికి తీసుకెళ్లారు.”

ఆ తర్వాత కబురు లేదు. ఆమె మనసులోనే కాజాలు పూర్తి చేసింది. బొత్తాలు కుట్టింది. దారం కొరికేసింది. చేతులు ఒళ్లో ఊరికే పడున్నాయి. ఏడుపు కూడా రావడం లేదు.

గడువుకి ఐదు నిమిషాలుందనగా నర్సు తనే అక్కడి ఆసుపత్రికి ఫోను కలిపింది. ఆమె చెయ్యి చాచి అందుకుంది.

“బాబూ, ఎలా ఉంది?”

అవతల మిషన్ల చప్పుడు. ఎవరిదో ఊపిరి.

ఆమె మళ్లీ అడగలేదు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. గడియారంలో ముల్లు కదిలింది, ఇంకోసారి కదిలింది.

చాలాసేపటికి అక్కడి డాక్టరు గొంతు వినిపించింది.

“అమ్మా, మీ అమ్మాయి గుండె ఇక్కడ ఇంకో తల్లి కొడుకులో కొట్టుకుంటోంది.”