వెనక్కి రమ్మన్న కబురు

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని సొంత ఊళ్లో జనరల్ ఆరిన్ హాల్వర్సన్ విగ్రహాన్ని ఆవిష్కరించడానికి అరగంట ముందు, ఆయన్ని చూడటానికి క్లైడ్ టాకెట్ వచ్చాడు. వియత్నాంలో ఆయన కెప్టెన్‌గా ఉన్నప్పుడు, పంతొమ్మిదేళ్ల క్లైడ్ ఆయన వెంట రేడియో మోసిన సైనికుడు.

"ఏరా క్లైడ్, ఇంకా బతికే ఉన్నావా! ఆ జుట్టంతా ఎక్కడ పారేసుకున్నావు?"

క్లైడ్ నవ్వలేదు, కూర్చోనూ లేదు.

"ఆ కొండ సంగతి చెప్పకుండా చావలేను సార్. రేడియో పాడైందని మీతో అన్నాను. పాడవలేదు. వెనక్కి వచ్చేయమని పొద్దున్నే పైఅధికారుల నుంచి కబురొచ్చింది. ఏ చాటూ లేని ఆ బోడి వాలు దిగాలంటే భయమేసింది. అబద్ధం చెప్పాను."

ఆ సాయంత్రానికి కొండ మీద వాళ్ల దళంలో ముప్ఫై ఒక్కమంది చనిపోయారు. కొండను వదలని కెప్టెన్‌గా హాల్వర్సన్‌కి పతకం వచ్చింది. జనరల్ హోదాకి గుర్తైన నాలుగు నక్షత్రాలూ ఆ పతకం వెంటే వచ్చాయి. క్లైడ్ ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. అతని తాగుడు భరించలేక భార్య వెళ్లిపోయింది.

"వాళ్లందర్నీ చంపింది నేనే సార్. ఇవాళ మైకు ముందు చెప్పేస్తాను."

జనరల్ లేచి తలుపు మూశాడు.

"చెప్పొద్దు."

"మీకు తెలియదు కదా సార్. మీకేం మచ్చ?"

"ఆ కబురొచ్చినప్పుడు నీ వెనకే నిలబడి ఉన్నాను. నేనూ విన్నాను."

"యాభై ఏళ్లు... ఒక్క ముక్క నాతో అనలేకపోయారా?"

"ఎప్పుడైనా విచారణ జరిగితే," అన్నాడు జనరల్ టోపీ పెట్టుకుంటూ, "తప్పు నీదేనని ఒప్పుకోవడానికి నువ్వుంటావు గదా అనుకున్నాను."