జాతి మారిన పాడి

ఎప్పుడో అంతరించిన జంతువులను ఎముకల నుంచి పుట్టించి, ఇంటింటికీ పాడికి ఇస్తున్న కాలమది. బేతంచెర్లలో మద్దమ్మ వాకిట్లో కట్టేసిన జంతువు అలాంటిదే. అక్కడి గుహలో దొరికిన ఎముక చూసి శాస్త్రవేత్తలు దానికి 'తొలి ఆవు' అని పేరు పెట్టారు. అది ఈనిన నాడు వీధంతా వచ్చి నొసట పసుపు కుంకుమలు పెట్టి, జున్ను అడిగి మరీ తిన్నారు.

మరునాడు పొద్దున్నే అందరి ఫోన్లలోనూ వార్త వచ్చింది. వర్గీకరణలో పొరపాటు జరిగిందట. అది ఆవు జాతి కాదట, పంది జాతట. ఇకపై దాని పేరు 'తొలి పంది'.

గంట తిరక్కుండానే పక్కింటి శేషమ్మ వచ్చి, జున్ను తీసుకెళ్ళిన గిన్నెను మద్దమ్మ గడప బయటి నుంచే లోపలికి విసిరేసింది.

"ఇల్లంతా మైల జేస్తివి గదమ్మే!"

మద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"నిన్న రెండోతూరి అడిగి తింటివే, అప్పుడు తియ్యగా లేకుండెనా? పేరు పెట్టిందీ వాళ్ళే, మార్చిందీ వాళ్ళే. నోరులేని పశువేం జేసె?"

సాయంత్రం ఇంకో వార్త వచ్చింది. పరీక్షలో ఎముకలు తారుమారయ్యాయని, మొదటి పేరే ఖాయమని. శేషమ్మ పసుపు గిన్నె, పాలచెంబు పట్టుకొని నవ్వుతూ వచ్చి నిలబడింది.

మద్దమ్మ ఆమె కళ్ళెదుటే దూడ తలుగు విప్పి పొదుగు దగ్గరికి వదిలేసింది.

"దీని జాతి తేలింది లే శేషమ్మా," అంది పళ్ళు కొరుకుతూ. "ఇంగ తేలాల్సింది మీ జాతే."